చార్లెస్ చక్రవర్తియు సాక్సనుల బాప్తిస్మమును

బాప్తిస్మము పొందుటకు ఇష్టపడక దాగియుండువానికి మరణశిక్ష అని ఒక క్రైస్తవ రాజు శాసనము చేసెనని చెప్పినయెడల మన గ్రామ సంఘములలో అనేకులు నమ్మరు. మనమెరిగిన బాప్తిస్మపు కథ వేరు. మన తాతలలో కొందరు బాప్తిస్మము పొందినందుకు బంధువులకు దూరమైరి, కొందరు ఇల్లు విడువవలసి వచ్చెను. పొందనందుకు తల పోగొట్టుకొనినవారిని మనము చూడలేదు. అయినను అట్టి శాసనము నిజముగా పుట్టెను. దానిని చేసిన రాజు క్రూరుడని మాత్రమే పేరుపొందినవాడు కాడు. ప్రతిదినము దేవాలయమునకు పోవువాడు, పాఠశాలలు పెట్టించినవాడు, ఐరోపా ఖండమంతయు గొప్పవాడని నేటికిని చెప్పుకొను చార్లెస్ మహారాజు. షార్లమేన్ అను పేరుతో బడి పుస్తకములలో మన పిల్లలు చదువునది ఇతనిని గూర్చియే.

చార్లెస్ ఫ్రాంకులు అను జాతివాడు. నేటి ఫ్రాన్సు, బెల్జియము, జర్మనీ దేశముల పశ్చిమ భాగములు ఆ దినములలో ఫ్రాంకుల రాజ్యముగా ఉండెను. ఇతని వంశము మొదట రాజవంశము కాదు. రాజుగారి ఇంటి వ్యవహారములు చూచు అధికారులుగా ఉండి, క్రమముగా సర్వాధికారము తమ చేతిలోనికి తెచ్చుకొనినవారు. తాత చార్లెస్ మార్టెల్ 732లో స్పెయిను వైపునుండి వచ్చిన అరబ్బుల సేనను ఓడించెను. తండ్రి పెపిన్ 751లో పేరుకు మాత్రమే రాజైయున్న చిల్డెరిక్‌ను తొలగించి, అతని జుట్టు కత్తిరింపించి, మఠమునకు పంపి తానే రాజాయెను. దీనికి రోమాలోని పోపు సమ్మతించెను. 754లో స్తెఫను అను పోపు స్వయముగా ఆల్ప్సు పర్వతములు దాటి వచ్చి, పెపిన్‌ను అతని ఇద్దరు కుమారులను నూనెతో అభిషేకించెను. సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంట దావీదును అభిషేకించిన సంగతి మనము చదివియున్నాము. తమకును అట్టి పిలుపే కలిగెనని ఈ కుటుంబము నమ్మెను. ఆ దినమున అభిషేకము పొందిన పిల్లలలో పెద్దవాడు చార్లెస్.

పోపు ఊరకే రాలేదు. ఇటలీ దేశములో లంబార్డులు అనువారు ఆయనను బాధించుచుండిరి. ఆయనకు కత్తి కావలెను, పెపిన్‌కు అభిషేకము కావలెను. ఇద్దరికిని కావలసినది దొరకెను. ఆ కాలమున ఐరోపాలో రాజ్యములు లేచిన విధమును తెలిసికొనుటకు ఈ ఒక్క సంగతి చాలును. సంఘము రాజునకు పవిత్రత నిచ్చెను, రాజు సంఘమునకు రక్షణ నిచ్చెను. ఆ రక్షణ వెల ఎంతయో తరువాత తెలిసెను.

768లో పెపిన్ చనిపోగా రాజ్యము ఇద్దరు కుమారులకు పంచబడెను. 771లో తమ్ముడు కార్లోమాన్ అకస్మాత్తుగా మరణించెను. చార్లెస్ తమ్ముని పిల్లలకు భాగమియ్యక అంతయు తానే తీసికొనెను. 774లో లంబార్డుల రాజును ఓడించి వారి కిరీటమును కూడ ధరించెను. ఇవి రాజులు చేయు పనులే గనుక వీటిని విడిచి అసలు సంగతికి వత్తము.

ఫ్రాంకుల రాజ్యమునకు ఈశాన్యమున, రైను నదికిని ఎల్బ నదికిని మధ్య, అడవులలోను బురద నేలలలోను సాక్సనులు నివసించుచుండిరి. వారికి రాజు లేడు. పెద్దలు సంవత్సరమున కొకసారి కూడుకొని ఆలోచన చేసికొనెడివారు. వోడెన్, తూనర్ అను దేవతలను కొలిచెడివారు. ఇర్మిన్‌సూల్ అను ఒక గొప్ప స్తంభమును మిక్కిలి పవిత్రముగా ఎంచెడివారు. వారును ఫ్రాంకులును సరిహద్దు దాటి ఒకరి పల్లెల నొకరు కాల్చుకొనుట తరతరముల వాడుక. 772లో చార్లెస్ వారి దేశములో ప్రవేశించి ఆ స్తంభమును పడగొట్టించి, అక్కడ దొరకిన బంగారమును వెండిని తీసికొని పోయెను. ఆ దినము మొదలుకొని ఆ యుద్ధము 804 వరకు, కొంత విరామముతో, ఒక తరము గడచునంత కాలము సాగెను. ప్రారంభమున అది సరిహద్దు తగవు. తరువాత అది మతయుద్ధమాయెను. సాక్సనుడు రాజునకు లొంగుటయు బాప్తిస్మము పొందుటయు ఒక్కటే ఆయెను. తిరుగుబాటు చేయుటయు క్రీస్తును విడుచుటయు ఒక్కటే ఆయెను.

777లో పాడర్‌బోర్న్ అను చోట చార్లెస్ గొప్ప సభ జరిపించెను. సాక్సనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మము పొందిరి. మరల తిరుగబడినయెడల తమ స్వేచ్ఛను, స్వదేశమును పోగొట్టుకొందుమని ఒప్పుకొనిరి. అపొస్తలుల కార్యముల గ్రంథము రెండవ అధ్యాయములో పెంతెకొస్తు దినమున మూడువేల మంది బాప్తిస్మము పొందిరని చదువుదుము. అక్కడ పేతురు బోధించెను, వినినవారు హృదయములో నొచ్చుకొనిరి, ఏమి చేయుదుమని వారే అడిగిరి. పాడర్‌బోర్న్‌లో అడిగినవాడు రాజు. విడుకిండ్ అను నాయకుడు మాత్రము ఆ సభకు రాలేదు. అతడు ఉత్తరమున డేనుల దేశమునకు పారిపోయెను.

మరుసటి సంవత్సరము చార్లెస్ స్పెయినుపై దండెత్తి, తిరిగి వచ్చుచు పిరనీసు కనుమలలో తన వెనుకటి దళమును పోగొట్టుకొనెను. ఆ వార్త వినగానే సాక్సనులు విడుకిండ్ మాట విని లేచి రైను నది వరకు పల్లెలను, దేవాలయములను కాల్చిరి. తరువాత అణగిరి, మరల లేచిరి. 782లో జ్యున్టెల్ కొండల యొద్ద రాజుగారి సేన నొకదానిని నాశనము చేసిరి. చార్లెస్ కోపముతో వచ్చెను. విడుకిండ్ మరల పారిపోయెను. భయపడిన సాక్సను పెద్దలు తిరుగుబాటుదారులను పట్టి అప్పగించిరి. ఆలెర్ నది ఒడ్డున ఫెర్డెన్ అను స్థలమున ఒక్క దినమున 4,500 మంది తలలు నరికించెనని రాజుగారి స్వంత చరిత్రకారులే వ్రాసిపెట్టిరి. సంఖ్య పెద్దదిగా చెప్పబడెనని కొందరు పండితులు అనుకొందురు. సంఖ్య ఏదైనను, వ్రాసినవారు దానిని దాచలేదు, సిగ్గుపడలేదు. అదే లెక్కపుస్తకములో తరువాతి మాట ఏమనగా, రాజుగారు థియోన్‌విల్ అను ఊరిలో చలికాలము గడపి అక్కడనే క్రిస్మసు, ఈస్టరు పండుగల నాచరించెననుట.

ఆ 783వ సంవత్సరమే అతని యింట మరణములు వచ్చెను. ఏప్రిల్‌లో భార్య హిల్డెగార్డ్, జూలైలో తల్లి బెర్ట్రాడ చనిపోయిరి. ఇది దేవుని శిక్ష అని చెప్పుటకు నేను పూనుకొనను. మన యింట చావు కలిగినప్పుడు ఇరుగుపొరుగువారు అట్టి మాటలాడుట మనకు తెలిసినదే, యోబు స్నేహితులును ఆలాగే మాటలాడిరి. అతడు భార్యను ప్రేమించినవాడని, తల్లిని గౌరవించినవాడని మాత్రము చరిత్ర చెప్పుచున్నది. ఫెర్డెన్‌లో తండ్రిని, కుమారుని పోగొట్టుకొనిన సాక్సను స్త్రీల పేర్లు ఏ లెక్కపుస్తకములోను లేవు.

ఈ దినములలోనే నేను మొదట చెప్పిన శాసనము వెలువడెను. బాప్తిస్మమును తృణీకరించి దాగువానికి మరణము. నలువది దినముల ఉపవాస కాలములో తృణీకారముతో మాంసము తినువానికి మరణము. చనిపోయినవారిని పాతిపెట్టక పూర్వాచారము చొప్పున కాల్చువానికి మరణము. దీనికి తోడు ప్రతివాడును తన పంటలో, సంపాద్యములో దశమభాగము సంఘమునకు చెల్లింపవలెను. సువార్త ఇంకను చెవిన సరిగా పడని జనులకు మొదట అందినది పన్ను లెక్క.

785లో విడుకిండ్ ఇక పోరాడలేక లొంగిపోయెను. అట్టిని అను చోట అతనికి బాప్తిస్మమిచ్చిరి. చార్లెస్ స్వయముగా జ్ఞానతండ్రిగా నిలిచి అతనికి గొప్ప కానుకలిచ్చెను. ఆ దినమున విడుకిండ్ హృదయములో ఏమున్నదో దేవునికి తెలియును. చంపదగిన శత్రువును చేయిపట్టి నీటియొద్దకు తీసికొని వచ్చుట చార్లెస్ చేసిన మంచి పనియే. దేశమంతయు శాంతించెనని కృతజ్ఞతార్పణ ప్రార్థనలు జరిపించుమని పోపు నడిగిరి. కాని 792, 793లలో సాక్సనులు మరల లేచి దేవాలయములను కాల్చి, బోధకులను తరిమిరి.

ఇప్పుడు మరియొక మనుష్యుని చెప్పవలెను. ఇంగ్లండు దేశమున యార్కు పట్టణపు పాఠశాలలో బోధకుడైన అల్క్విన్‌ను 781లో చార్లెస్ ఇటలీలోని పార్మా పట్టణమున కలిసి తన యొద్దకు రమ్మని పిలిచెను. అల్క్విన్ పూర్వులును సాక్సనుల బంధుజాతివారే. రెండు వందల సంవత్సరముల క్రిందట వారియొద్దకు సువార్త రోమానుండి వచ్చిన సన్యాసుల నోట వచ్చెను, సేనలతో రాలేదు. అల్క్విన్ రాజుగారికి గురువాయెను. రాజసభలో వారికి ముద్దుపేర్లుండెడివి. చార్లెస్‌ను దావీదు అని పిలిచెడివారు. ఆ పేరు పెట్టినవారు దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఇరువది రెండవ అధ్యాయమును ఎరుగకపోలేదు. విస్తారముగా రక్తము ఒలికించిన చేతులతో తన మందిరమును కట్టవద్దని దేవుడు దావీదును అడ్డగించెను గదా.

796లో అల్క్విన్ కొన్ని ఉత్తరములు వ్రాసెను. అప్పటికి తూర్పున దనూబు నదీతీరమున అవారులు అను మరియొక అన్యజాతిని చార్లెస్ జయించెను. వారికిని సాక్సనులకు చేసినట్లే చేయుదురేమోయని అతడు భయపడెను. రాజుకు, రాజుగారి కోశాధికారికి, సాల్జ్‌బర్గ్ అధ్యక్షుడైన ఆర్నో అను తన స్నేహితునికి అతడు వ్రాసిన దాని సారమిది. విశ్వాసము మనుష్యుని ఇష్టమువలన కలుగునది గాని నిర్బంధమువలన కలుగునది కాదు. మనుష్యుని బాప్తిస్మపు నీటికి బలవంతముగా లాగవచ్చును, విశ్వాసమునకు లాగలేము. మత్తయి సువార్త చివరి అధ్యాయములో ప్రభువు ఆజ్ఞాపించిన క్రమము చొప్పున మొదట బోధింపవలెను, పిమ్మట బాప్తిస్మమియ్యవలెను, ఆ తరువాత మరల బోధింపవలెను. పసిబిడ్డలకు పాలవలె మృదువైన బోధ చాలును.

దశమభాగమును గూర్చి అతడు వ్రాసినది మన సంఘ పెద్దలు వినదగినది. క్రైస్తవ గృహములలో పుట్టి పెరిగిన మనమే దశమభాగమును పూర్తిగా ఇచ్చుటకు వెనుకాడుచుండగా, నిన్న మొన్న నమ్మినవారి మెడమీద ఆ కాడిని పెట్టుట తగునా అని అతడడిగెను. దశమభాగములను అడిగినంత పట్టుదలతో క్రీస్తు యొక్క సుళువైన కాడిని బోధించియుండినయెడల సాక్సనులు బాప్తిస్మమును అసహ్యించుకొనియుండరేమో అని తన దుఃఖమును తెలిపెను. దశమభాగములు సాక్సనుల విశ్వాసమును చెరిపెనని అతని తలంపు.

అల్క్విన్ యుద్ధమునే ఖండించెనని చెప్పుట న్యాయము కాదు. అవారులపై కలిగిన జయమునకు అతడు రాజును పొగడెను. ఆ జయమున దొరకిన బంగారు వెండి పదునైదు ఎడ్ల బండ్లకు వచ్చెనని చెప్పుదురు. దానిలో కొంత దేవాలయములకును పంచబడెను. అతడు తన కాలపు మనుష్యుడే. అయినను రాజుగారి అన్నము తినుచు రాజుగారి తప్పును రాజునకే వ్రాసెను. మరుసటి సంవత్సరము 797లో చార్లెస్ సాక్సనులకు క్రొత్త శాసనమిచ్చెను. పూర్వము మరణశిక్ష యున్న అనేక తప్పిదములకు ఇప్పుడు జరిమానా నిర్ణయించెను. యుద్ధము మాత్రము మానలేదు. 804లో ఎల్బ నదికి ఇరుప్రక్కల నివసించు పదివేల మందిని భార్యాపిల్లలతో లేవదీసి ఫ్రాంకుల దేశములలో అక్కడక్కడ చెదరగొట్టిన తరువాతనే అది ముగిసెను. ఆ సంవత్సరమే అల్క్విన్ టూర్ పట్టణమున కన్ను మూసెను.

ఇంతవరకు చదివినవారు చార్లెస్‌ను నెబుకద్నెజరుతో సమానముగా ఎంచవచ్చును. అతనిలో మరియొక మనుష్యుడు కూడ ఉండెను. ఆరడుగుల పొడగరి, వేడినీటి బుగ్గలలో ఈదుట యందు ఆసక్తి గలవాడు. త్రాగుబోతులను అసహ్యించుకొనెడివాడు. భార్యల విషయములో మాత్రము అతని జీవితము మనము అనుసరింపదగినది కాదు. భోజనవేళ అగస్తీను వ్రాసిన దేవుని పట్టణము అను గ్రంథమును చదివించుకొని వినెడివాడు. అతనికి వ్రాత రాదు. ముసలితనమున అక్షరములు దిద్దుటకు పలకలు దిండుక్రింద పెట్టుకొని, నిద్రపట్టని రాత్రులలో వ్రాయ ప్రయత్నించెడివాడట. కత్తికి అలవాటుపడిన చేయి వంగలేదు. మన సంఘములలో అరువది ఏండ్లు దాటి బాప్తిస్మము పొంది, మనుమరాలి ప్రక్కను కూర్చుండి పెద్దబాలశిక్ష పట్టిన తాతలను చూచినవారికి ఈ రాజుమీద కొంచెము జాలి కలుగకపోదు.

789లో అతడు వెలువరించిన సంఘ సంస్కరణ శాసనములో, లేఖనములను కనుగొనిన యోషీయా రాజును తనకు మాదిరిగా పెట్టుకొనెను. ప్రతి మఠమునందును, ప్రతి అధ్యక్షుని దేవాలయమునందును బాలురకు చదువు చెప్పవలెననెను. తప్పులున్న పుస్తకములను సరిదిద్దవలెననెను. చేతివ్రాత స్పష్టముగా ఉండవలెనని కోరెను. ఆ మఠములలో కుదిరిన గుండ్రని చక్కని అక్షరముల రూపమునుండియే నేడు ఇంగ్లీషు పుస్తకములలో చూచు చిన్న అక్షరములు వచ్చెను. అల్క్విన్ టూర్‌లో బైబిలు ప్రతులను సరిదిద్ది వ్రాయించెను. అన్నిటికంటె మేలైన సంగతి 813లో జరిగెను. టూర్‌లో కూడిన అధ్యక్షుల సభ, ప్రసంగములను జనులకు అర్థమగు పల్లెభాషలో, అనగా సామాన్యుల రోమను భాషలో గాని జర్మను భాషలో గాని చెప్పవలెనని తీర్మానించెను. అంతవరకు లాటిను భాష గాలిలో పోవుచుండెను.

800వ సంవత్సరము క్రిస్మసు దినమున రోమాలో పోపు లియో అతని తలపై చక్రవర్తి కిరీటము పెట్టెను. ఆ పోపు 799లో శత్రువుల దెబ్బలు తిని పారిపోయి చార్లెస్ శరణు వేడినది పాడర్‌బోర్న్‌లోనే, పూర్వము సాక్సనులను గుంపులుగా నీళ్లలో దింపిన చోటనే. 802లో బగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్ పంపిన ఏనుగు, దాని పేరు అబుల్ అబ్బాస్, ఆఖెన్ రాజధాని వీధులలో నడిచెను. ఐజాకు అను యూదుడు దానిని ఎడారులు, సముద్రము దాటించి తెచ్చెను. ముసల్మాను ప్రభువు పంపిన కానుకను చార్లెస్ సంతోషముగా అందుకొనెను, అతనితో స్నేహముగా ఉండెను. దూరమున నున్న బలవంతుడైన అన్యుని బాప్తిస్మము పొందుమని బలవంతపెట్టలేదు.

814 జనవరి 28న జ్వరముతో చార్లెస్ మరణించెను. ఆఖెన్‌లో తాను కట్టించిన దేవాలయములో ఆ దినమే సమాధి చేసిరి. 843లో మనుమలు ముగ్గురు ఆ మహారాజ్యమును మూడు ముక్కలుగా పంచుకొనిరి.

సాక్సనుల సంగతి ఏమాయెను? 841లో మనుమల తగవుల మధ్య అక్కడి సామాన్య జనులు లేచి, తమ పూర్వాచారములను మరల పట్టుకొనిరి. బాప్తిస్మము పొంది అరువది ఏండ్లు దాటినను వారిలో అనేకులకు అది ప్రభువుల మతముగానే ఉండెనన్నమాట. వారిని కత్తితో అణచిరి. అయితే దానికి సుమారు పది సంవత్సరములు ముందుగా, 830 ప్రాంతమున, పేరు తెలియని ఒకడు సువార్త కథనంతయు సాక్సను భాషలో దాదాపు ఆరువేల పంక్తుల పద్యముగా కట్టెను. దానిని హేలియాండ్, అనగా రక్షకుడు అందురు. దానిలో బేత్లెహేములో దూత కనబడినది గొఱ్ఱెల కాపరులకు కాదు, రాత్రివేళ గుఱ్ఱములను కాయువారికి. సాక్సను పల్లెలలో రాత్రి మేలుకొని ఉండువారు వారే. తల నరికించిన తరమునకు మనుమలైనవారు తమ మాటలలో, తమ గుఱ్ఱముల వాసనతో ఆ వార్తను విని యుందురు.

1935లో జర్మనీ దేశమున హిట్లరు ప్రభుత్వము ఫెర్డెన్‌లో చచ్చినవారి జ్ఞాపకార్థమని 4,500 రాళ్లు నిలువబెట్టించెను. క్రైస్తవ మతముమీద ద్వేషము రేపుట ఆ ప్రభుత్వపు ఉద్దేశ్యము. చార్లెస్ కత్తి ఆ ద్వేషమునకు సాధనమాయెను. ఆ ప్రభుత్వము పోయెను. రాళ్లు ఉన్నవి. వాటి మధ్యనున్న ఇండ్లు తరువాత లూథరన్ సంఘపు యౌవనస్థుల కూటములకు స్థలమాయెను.

ఆ సాక్సనుల దేశమునందే, లూనెబర్గ్ మైదానములో, హెర్మన్స్‌బర్గ్ అను పల్లె యున్నది. 1849లో ఆ పల్లె పాదిరి లూడ్విగ్ హార్మ్స్ రైతుబిడ్డలను చేర్చి మిషనరీలుగా తర్ఫీదు చేయ మొదలుపెట్టెను. 1860లలో ఆ మిషనువారు సముద్రము దాటి మన నెల్లూరు సీమకు వచ్చి, నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతములలో తెలుగులో సువార్త చెప్పిరి. ఇష్టము లేనివారు వినక తమ పొలములకు పోయిరి. ఇష్టపడినవారి మనుమలు, మునిమనుమలు నేడు దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘములో ఉన్నారు.